తోలు సీట్లు, తంగేడు చెక్క

మొన్న సంక్రాంతికి నరసాపురం వెళ్తే, మా తాతగారి పాత కారు తోలుసీట్లు ఎండి బీటలువారి ఉన్నాయి. సీట్లు కుట్టే పెద్దాయన్ని పిలిచాం. వాళ్ళ తాతలది తోళ్ళ పని. వేలితో రాసి చూసి, "ఇది చెక్కతో పదును చేసిన తోలండి, నూనె పీల్చుకుంటదండి. మీ కొత్త కార్లది పీల్చదు" అన్నారు.

నిజమే. ఇప్పటి సీట్ల తోలు తరచుగా క్రోమియం లవణాలతో పదును చేసింది, పైన ప్లాస్టిక్ పూత. నూనె రాస్తే జిడ్డే. సబ్బునీళ్ళ తడిగుడ్డ చాలు.

19వ శతాబ్దంలో మద్రాసు నుంచి తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు ఓడలకొద్దీ లండన్ వెళ్ళేవి, 'ఈస్టిండియా తోలు' పేరుతో. తోలు సీమకెళ్ళింది, చేసినవాళ్ళు మాత్రం ఊరి చివరే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు రైతుకుటుంబం నుంచి వచ్చి ఈ తోళ్ళ సైన్సే చదివి, మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకి డైరెక్టరయ్యారు. 1985లో కనిష్క విమానంలో పోయారు. (ఇంజనీరింగు నాలుగేళ్ళలో ఆయన పేరు నాకెవరూ చెప్పలేదు!)

పెద్దాయన మురికి తుడిచి, పలచగా ఆముదం పట్టించి, చిరుగులకి లోపల అతుకేసి కుట్టారు. "గోదారి గట్టుదాకా ఓ రౌండేద్దాం, ఎక్కండి" అన్నాను. ఆయన అరుగుమీదున్న మా నాయనమ్మ వైపు చూశారు. ఆవిడ లోపలికెళ్ళిపోయింది. ఆయన ఎక్కారు. సీటు అంచునే కూచున్నారు.