పోల్కా శబ్దము, వాద్యబృందములు

పోల్కా యను పేరు విని, యా నృత్యము పోలెండుదేశపుదని తలఁచువారు పెక్కురు. రెండుమాత్రల నడక గల యీ నృత్యము 1830 ప్రాంతమున బొహీమియాలో జెక్కుజనులలోఁ బుట్టినది. జెక్కుభాషలో ‘పూల్కా’ యనఁగా సగము. అర్ధపదన్యాసమువలన నీ పేరు గలిగెనని కొందఱందురు. ‘పోల్కా’ యనఁగాఁ బోలెండుస్త్రీ. ఊకారము ఓకార మగుటకు సూత్రము వెదకుటకంటె, నక్షరభేదము లేని రెండవ వ్యుత్పత్తియే మేలని నాకుఁ దోఁచుచున్నది. పేరు పరదేశపుదైనను బుట్టుక జెక్కులదే.

అమెరికాకు వలసపోయినవారిచేత నిది బహుశాఖలైనది. క్లీవ్‌లండున స్లొవేనులకు అకార్డియను ప్రధానము. 1948లో ఫ్రాంకీ యాంకోవిక్ ఆ బాణిని దేశమంతట వినిపించెను. షికాగోలోని పోలులు నడక తగ్గించిరి. మిన్నెసోటాలోని న్యూ అల్మ్ జర్మనుల బృందములకుఁ దూబా ప్రాణము. చిత్రమేమనఁగా, ఈ జర్మనుల బాణికి ‘డచ్‌మన్’ బాణి యని పేరు! పూర్వ మింగ్లీషున డచ్చిశబ్దము జర్మనులకును జెల్లెడిది. ఆ పాతయర్థమే యిచట నిలిచినది. హాలెండుతో దీనికి సంబంధము లేదు.