'సెంట్రల్' అను విశేషణము - దాని పుట్టుక, అర్థము

రాయపూరునందలి తెలుగు కుటుంబములలో 'సెంట్రల్' అను ఆంగ్లపదము వినబడని దినముండదు. గృహస్థు సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి. 1963లో సెంట్రల్ స్కూళ్లుగా ఆరంభమైనవే నేటి కేంద్రీయ విద్యాలయములు. స్వగ్రామమునకు పోవుటకు రైలెక్కు స్టేషను సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు చెందినది. ఇంతగా వాడుకలో నలిగిన ఈ విశేషణము ఎచ్చట పుట్టినది? దాని అసలు అర్థమేమి?

ఈ పదమునకు మూలము గ్రీకు భాషలోని 'కెంట్రాన్'. దాని తొలి యర్థము నడుమ యని కాదు, వాడి మొన యని. 'పొడుచుట' యను క్రియ నుండి అది పుట్టినది. ఎద్దులను అదలించు ములుకోలకును, కందిరీగ కొండికిని గ్రీకులు ఆ పేరే వాడిరి. వృత్తమును గీయునపుడు వృత్తలేఖిని యొక్క ఒక కాలు తిరుగుచుండగా రెండవ కాలి మొన ఒకచో నాటుకొని కదలకుండును. ఆ మొన నాటిన బిందువునకును క్రమముగా అదే పేరు వచ్చినది. ఆ పదము లాటినులో 'సెంట్రమ్'గా మారి, ఫ్రెంచి ద్వారమున ఇంగ్లీషులో ప్రవేశించెను. 'సెంట్రల్' అను విశేషణరూపము ఆంగ్లమున 17వ శతాబ్దిలో కానవచ్చుచున్నది.

ఆశ్చర్యకరమైన విషయము మరియొకటి కలదు. 'సెంట్రల్'కు తెలుగుసేతగా మనము వాడు 'కేంద్ర' శబ్దము కూడ ఆ గ్రీకు పదము నుండి వచ్చినదే. గ్రీకుల జ్యోతిశ్శాస్త్రముతో పరిచయము కలిగిన కాలమున 'హోరా' మొదలగు పదములతోపాటు 'కేంద్రము'ను సంస్కృతము స్వీకరించెను. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుని గ్రంథములలో ఇట్టి యవన పదములు పెక్కు గలవు. జాతకచక్రములో లగ్నము, చతుర్థము, సప్తమము, దశమము అను నాలుగు స్థానములకు కేంద్రములని పేరు. కేంద్ర ప్రభుత్వము అను మాట పుట్టుటకు ఎంతో పూర్వమే తెలుగు గృహములలో జాతకము వ్రాయించుకొన్నవారు కేంద్రమను మాట ఎరిగియుండిరి. ఒక గ్రీకు పదమే పడమటి త్రోవను 'సెంట్రల్' అయినది, తూర్పు త్రోవను 'కేంద్ర' మైనది. తరువాత రెండును మన కచేరీలలో కలిసికొన్నవి.

రాయపూరుతో ఈ విశేషణమునకు గల సంబంధము ప్రత్యేకమైనది. 1861లో ఆంగ్లేయులు నాగపూరు రాజ్యభాగమును, సాగరు, నర్మదా ప్రాంతములను చేర్చి సెంట్రల్ ప్రావిన్సెస్‌ను ఏర్పరచిరి. నాగపూరు దానికి ముఖ్యపట్టణము. రాయపూరు ఛత్తీస్‌గఢ్ భాగమునకు ప్రధాన నగరము. తెలుగువారి పుణ్యక్షేత్రమైన భద్రాచలము సైతము ఒకప్పుడు ఆ ప్రావిన్సులో ఎగువ గోదావరి జిల్లాకు చెందియుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది.

1950లో సెంట్రల్ ప్రావిన్సెస్ పేరు మధ్యప్రదేశ్ అయినది. 1956 నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఆ దినముననే, నాగపూరు బొంబాయి రాష్ట్రమునకు పోగా మధ్యప్రదేశ్‌కు భోపాలు రాజధాని యయ్యెను. రాయపూరు మాత్రము మధ్యప్రదేశ్‌లోనే నిలిచినది.

ఇక్కడ గమనింపదగిన భేదమొకటి కలదు. సెంట్రల్ ప్రావిన్సెస్‌ను మనవారు 'మధ్య' యనిరి. సెంట్రల్ గవర్నమెంటును 'కేంద్ర' మనిరి. ఆంగ్లములో ఒక్కటైన మాట మనకు రెండైనది. దేశపటములో నడుమనుండునది మధ్య. అధికారము ఏ స్థానమునుండి ప్రసరించునో అది కేంద్రము. మధ్యనుండినది కేంద్రము కావలయునను నియమము లేదు. ఢిల్లీ దేశపటములో నడుమ లేదు, అయినను కేంద్రము. రాయపూరు శతాబ్దమునకు పైగా 'మధ్య' యను పేరుగల రాష్ట్రములో నుండియు రాజధాని కాలేదు. 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడగా, ఆ 'మధ్య' యను పేరు తొలగిన దినముననే అది రాజధాని యైనది!

1931లో విజయనగరము నుండి రాయపూరు వరకు రైలుమార్గము పూర్తియైనది. ఉత్తరాంధ్రమునకు ఈ నగరము దగ్గరయ్యెను. బదిలీపై వచ్చిన ఉద్యోగికి మొదట తాను స్వదేశమునకు దూరముగా, ఒక అంచున నున్నట్లు తోచుట సహజము. కాని పదచరిత్ర చెప్పునది వేరు. కేంద్రమనగా పటములో ఎవరో ముందుగా గుర్తించి యుంచిన నడిమి చోటు కాదు. మొన గట్టిగా నాటుకొన్న చోటు. జాతకచక్రములోనే కేంద్రములు నాలుగు గలవు. కొలువు ఒకచోట, పుట్టినయూరు ఒకచోట, పిల్లల చదువు మరియొకచోట గల కుటుంబమునకు కేంద్రములు ఒకటికి మించి యుండుటలో వింతయేమి? తెలుగు మాట, తెలుగు పండుగ ఏ ఇంట కదలక నిలుచునో, ఆ ఇంటి చుట్టును వృత్తము తనంతట ఏర్పడును.