ఇంజనుకి ముక్కు మొలిచిన కథ

హెన్రీ ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్ టి కారుకి ఎయిర్ ఫిల్టర్ లేదు. 1927 దాకా కోటిన్నర కార్లు తయారయ్యాయి, కంపెనీ గేటు దాటేటప్పుడు దేనికీ అది బిగించలేదు. కార్బ్యురేటర్ నోరు తెరుచుకుని ఉండేది, మట్టిదారి మీద లేచిన దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోయేది. బండి ఆయిల్ తాగడం మొదలుపెడితే రింగులు మార్పించుకుని మళ్లీ నడుపుకునేవారు. అది కారు కొన్నవాడి ఖర్మ అనుకునే రోజులు.

ఇవాళ పాత స్కార్పియోనో, సఫారీనో, సుమోనో వదులుకోలేక నడుపుకుంటున్నవాళ్లు స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే గాలి పేరు చెప్పి నాలుగు రకాల సరుకు చూపిస్తారు. ఎర్ర కాటన్ ఫిల్టరు, కోను ఫిల్టర్ కిట్టు, స్నార్కెల్, ప్రీ-క్లీనర్. నాలుగూ మంచివేనంటారు. కాకపోతే ఒక్కోటీ ఒక్కో చోట, ఒక్కొక్కరి ఇబ్బందిలోంచి పుట్టింది. ఆ ఇబ్బంది మనకి ఉందా లేదా అని చూసుకోకుండా కొంటే డబ్బు దండగ, ఒక్కోసారి ఇంజనే దండగ.

దుమ్ములో ఇంజనుని తినేది క్వార్ట్జ్ రేణువు. మామూలు ఇనుము మీద సులువుగా గీత పెట్టగలిగినంత గట్టిది. పెద్ద రేణువుల్ని ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ప్రమాదమంతా కంటికి ఆనని 5 నుంచి 20 మైక్రాన్ల వాటితోనే. అవి పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఆయిల్ పొరలో చేరి రెండు వైపులా గీస్తాయి, తర్వాత ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా వెళ్తాయి. పీల్చే గాలీ తక్కువేం కాదు. లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 11 కిలోల గాలి కావాలి, అంటే 9,000 లీటర్ల పైమాటే. లీటరు డీజిలుకి ఇంకా ఎక్కువ.

ఈ బాధ కారువాళ్లకంటే ముందు రైతుకి గట్టిగా తగిలింది. ట్రాక్టరు తాను లేపిన దుమ్ములోనే రోజంతా నడవాలి. అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ట్రాక్టర్ల సేల్స్‌మన్ ఈ గోడు రైతుల నోట విని, 1915లో మిన్నెసోటాలో ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్ల కంపెనీయే పెట్టాడు. డొనాల్డ్‌సన్ పేరు మీద ఫిల్టర్లు ఇప్పటికీ వస్తున్నాయి. మన ట్రాక్టర్ల బానెట్ పైన పుట్టగొడుగులా కనిపించే ప్రీ-క్లీనర్ కూడా పొలం బాధకి పుట్టిన మందే. లోపలి రెక్కలు గాలిని గిర్రున తిప్పుతాయి, బరువైన దుమ్ము అంచుకి విసిరేసినట్టు పోయి గిన్నెలో పడుతుంది, తేలికైన గాలి నడిమధ్య నుంచి లోపలికి పోతుంది. కాగితమూ లేదు, మార్చే ఖర్చూ లేదు. గిన్నె నిండితే దులుపుకోవడమే.

ఆ తర్వాత రాజ్యమేలింది ఆయిల్ బాత్ ఫిల్టరు. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకి ఉన్నది అదే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్లు ఆ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టడంతో మన షెడ్లకీ వచ్చింది. పాత జీపు మెకానిక్ దాన్ని విప్పుతుంటే చూడాలి. క్లిప్పు లాగి కింది గిన్నె జాగ్రత్తగా దించుతాడు. అడుగున వేలు పెట్టి తిప్పితే నల్లటి బురద వస్తుంది, ఇంజను మింగాల్సిన మన్ను అది. గిన్నెని డీజిల్‌తో కడిగి, పైనున్న ఇనుప తీగల జాలీని కూడా ముంచి ఆరబెట్టి, కొత్త ఆయిల్ సరిగ్గా గీత దాకా పోస్తాడు. గీత దాటిస్తే డీజిల్ ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చుకుని అదుపు తప్పి పరిగెత్తే ప్రమాదం ఉంది. పనితీరు సులువే. కిందికి దిగిన గాలి ఆయిల్ మీదుగా వెనక్కి తిరుగుతుంది, దుమ్ము తిరగలేక ఆయిల్‌లో పడుతుంది, మిగిలింది తడి జాలీకి అంటుకుంటుంది. లోపం ఒక్కటే. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు గాలి వేగం చాలక సన్న దుమ్ము తప్పించుకుంటుంది.

దుమ్ము ఆపితే గాలికి అడ్డం, గాలి వదిలితే దుమ్ముకి దారి. ఈ పేచీ నిజంగా ప్రాణాల మీదికి వచ్చింది ఉత్తరాఫ్రికా ఎడారిలో. 1942 నాటికి అక్కడ ఎగిరే బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలకి ముక్కు కింద వోక్స్ కంపెనీ ఫిల్టరు పెద్ద గడ్డంలా వేలాడేది. ఇంజను బతికింది గానీ విమానం వేగమూ, పైకెక్కే సత్తువా తగ్గాయి. శత్రువు వెంటపడినప్పుడు అది చిన్న విషయం కాదు. చివరికి అలెగ్జాండ్రియా పక్కన అబూకిర్‌లోని మరమ్మతు డిపో వాళ్లే చిన్న ఫిల్టరొకటి తయారుచేసుకున్నారు. పైలట్లకి అదే నచ్చింది.

1950ల నుంచి కార్లలో మడతల కాగితం ఆ పేచీని చాలావరకు తీర్చింది. రెసిన్ పట్టించిన కాగితాన్ని మడతలు పెడితే అరచేతి వెడల్పు డబ్బాలో బోలెడంత వైశాల్యం ఇముడుతుంది, గాలి నెమ్మదిగా, తేలిగ్గా వెళ్తుంది. మంచి కాగితం నూటికి 99 వంతుల పైనే దుమ్ము ఆపుతుంది. చాలామందికి తెలియని సంగతి, కొత్త ఫిల్టరుకంటే కొంత దుమ్ము పట్టిన ఫిల్టరే ఎక్కువ ఆపుతుంది. పట్టిన దుమ్మే ఇంకో జల్లెడ అవుతుంది. మన షెడ్లలో మాత్రం బండి రాగానే ఫిల్టర్ తీసి నేలకేసి కొట్టి, కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి ఊదుతారు. మడత ఎక్కడ చిట్లిందో కనపడదు. రబ్బరు అంచు వంగితే దుమ్ము కాగితాన్ని దాటుకుని పక్కనుంచి పోతుంది.

ఫిల్టర్లని పరీక్షించే ఐఎస్ఓ 5011 ప్రమాణంలో వాడే దుమ్ము అరిజోనా ఎడారి మట్టి వంశానిది. ఒకప్పుడు జనరల్ మోటార్స్ వారి ఒక విభాగం దాన్ని జల్లించి సరఫరా చేసేది. ఫిల్టరు అనంతపురంలో తిరిగినా పరీక్ష మాత్రం అరిజోనా మన్నుతోనే.

ఎర్ర కాటన్ ఫిల్టరుది వేరే ఊరు, వేరే ఆత్రం. కాలిఫోర్నియాలో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 1964లో మోటార్ సైకిళ్ల వ్యాపారం పెట్టారు. రేసుల పిచ్చోళ్లు. 1969 నాటికి ఆయిల్ పట్టించిన నూలు గుడ్డ పొరలతో ఫిల్టరు చేసి అమ్మారు, కె అండ్ ఎన్ అంటే వాళ్లిద్దరి పేర్లే. రేసు మనిషికి కావలసింది చివరి పిసరు గాలి, ఇంజను విప్పి బిగించడం అతనికి అలవాటైన పని. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, ఇంకో లక్ష తిరగాల్సిన మన సుమోకి ఆ లెక్క సరిపోదు. కడిగి మళ్లీ వాడుకోవచ్చన్నది నిజమే. అయితే కడిగాక ఆయిల్ ఎక్కువ పట్టిస్తే ఆ తుంపర గాలిని కొలిచే సెన్సరు తీగ మీద పడి లెక్క తప్పిస్తుంది. చాలా కామన్‌రైల్ బళ్లకి ఆ సెన్సరు ఉంటుంది.

కోను ఫిల్టర్ కిట్టు మీద నాకు ఇంకా తక్కువ గౌరవం. కంపెనీ బాక్సు చల్లటి గాలిని బానెట్ అంచు నుంచో ఫెండర్ నుంచో తెచ్చుకుంటుంది. కోను బానెట్ కిందే తెరుచుకుని వేడిగాలి పీలుస్తుంది. బయట 35 డిగ్రీలు, లోపల 65 అయితే గాలి సాంద్రత దాదాపు తొమ్మిది శాతం పడిపోతుంది. మరి పికప్ పెరిగినట్టు ఎందుకనిపిస్తుంది? చప్పుడు. కంపెనీ బాక్సులోనూ పైపులోనూ ఉన్న రెజొనేటర్లు పీల్చే మోతని మింగేస్తాయి. అవి పోతే బండి గర్జిస్తుంది, చెవి దాన్ని బలం అనుకుంటుంది.

పైగా పాత డీజిలుకి బలం ఇచ్చేది పంపు పోసే డీజిలు. పోసే డీజిలు మారకుండా గాలి పెంచితే పొగ తగ్గుతుందేమో గానీ బలం పెద్దగా పెరగదు. మరి మూసుకుపోయిన ఫిల్టరు మైలేజీని తింటుందా అని అమెరికాలోని ఓక్ రిడ్జ్ లాబొరేటరీ 2009లో పరీక్షించి చూసింది. కంప్యూటర్ అదుపులో ఇంజెక్షన్‌తో నడిచే పెట్రోలు కార్లకి మూసుకుపోయిన ఫిల్టరు మైలేజీ తగ్గించలేదు, వేగం అందుకోవడాన్ని మాత్రం నెమ్మది చేసింది. కార్బ్యురేటర్ బళ్లకి మైలేజీ కూడా కొంత తగ్గింది.

పాత బండికి నన్నడిగితే కొనే ముందు ఒక పరీక్ష చేయమంటాను. ఫిల్టరు దాటాక టర్బో వైపు పోయే రబ్బరు హోస్ విప్పి లోపల తెల్లగుడ్డ తిప్పండి. సన్న ఎర్రమన్ను అంటితే అప్పటికే లీకు ఉన్నట్టు. చిట్లిన హోసు, వదులైన క్లిప్పు, మూత బాక్సు మీద సరిగా కూర్చోకపోవడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇది బాగుచేసి మంచి కంపెనీ కాగితం ఫిల్టరు వేస్తే చాలావాటికి అదే అప్‌గ్రేడ్. క్వారీ దారిలోనో పొలాల్లోనో రోజూ తిరిగేవాళ్లు మాత్రం ట్రాక్టరువాళ్ల ప్రీ-క్లీనర్ పెట్టించుకోవచ్చు, దానికి నిజంగా పని ఉంటుంది.

స్నార్కెల్ కథ సముద్రంలో మొదలైంది. 1944లో నార్మండీ తీరంలో దిగిన జీపులకి వాటర్‌ప్రూఫింగ్ చేసి గాలి గొట్టాన్ని నీళ్లపైకి లేపారు. తర్వాత ఆస్ట్రేలియా వాళ్లు వాగుల కోసం, అంతకంటే ఎక్కువగా దుమ్ము కోసం దాన్ని సొంతం చేసుకున్నారు. ముందు బండి లేపే దుమ్ము నేలకి దగ్గరగా చిక్కగా ఉంటుంది, కప్పు ఎత్తులో పలచబడుతుంది. మన దేశంలో ఫోర్స్ గూర్ఖాకి కంపెనీయే స్నార్కెల్ బిగించి ఇచ్చింది. బయట దొరికే చౌక రకాల్లో చాలావాటికి అతుకులు బిగువుగా ఉండవు, కప్పు మీద గొట్టం ఉన్నా కింద బాక్సు దగ్గర నీళ్లు దూరతాయి.

గాలిలా నీళ్లు అదిమితే నలగవు. పిస్టన్ మీద నీళ్లుండగా ఇంజను తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నిలిపి ఉంచిన బండి మునిగితే స్నార్కెల్ కాపాడేది పెద్దగా ఏమీ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడని ముంచినప్పుడు వీధుల్లో నిలిపిన బళ్లు ఉన్నచోటే మునిగాయి. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టకూడదు. బ్యాటరీ వైరు తీసి, ఫిల్టర్ బాక్సు మూత విప్పి చూడాలి. కాగితం తడిసి ఉంటే మెకానిక్ చేత ఇంజక్టర్లు విప్పించి, ఇంజనుని చేత్తో తిప్పించి నీళ్లన్నీ వెళ్లగొట్టాకే తాళం తిప్పాలి.