నీడపట్టున ఎండిన గరిక

హాకీ వార్తలు చదివేవాళ్లకు ‘ఆస్ట్రోటర్ఫ్’ కొత్త మాట కాదు. కృత్రిమ గడ్డి పరచిన మైదానం ఎక్కడ కనిపించినా మనం పిలిచే పేరు అదే. టర్ఫ్ అంటే పచ్చిక, సరే. మరి ముందున్న ‘ఆస్ట్రో’ ఎక్కడిది? నక్షత్రాలకూ గడ్డికీ ఏమిటి చుట్టరికం? ఆ రెండక్షరాల వెనక హాకీతో సంబంధమే లేని ఒక బేస్‌బాల్ జట్టు ఉంది. దోమల బెడద ఉంది. ఆటగాళ్ల కళ్లు బైర్లు కమ్మించిన ఒక పైకప్పు ఉంది. పట్టిన పట్టు వదలని ఒక పెద్దమనిషి ఉన్నాడు.

ఆయన పేరు రాయ్ హాఫైంజ్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరానికి ఒకప్పటి మేయరు. అంతకుముందు ఆ జిల్లాకు ‘కౌంటీ జడ్జి’గా చేశాడు కనుక పదవి పోయినా ఊరంతా ఆయన్ని జడ్జి అనే పిలిచేది. 1962లో హ్యూస్టన్‌కు పెద్ద లీగులో ఆడే బేస్‌బాల్ జట్టు మొదటిసారి దక్కింది. పేరు ‘కోల్ట్ 45’. అది పాత టెక్సస్ రోజుల రివాల్వరు పేరు. జట్టయితే వచ్చింది గానీ ఆడేదెక్కడ? తాత్కాలికంగా కట్టిన మైదానానికి కప్పు లేదు. మెక్సికో సింధుశాఖ పక్కనే ఉన్న ఆ ఊళ్లో వేసవి ఎలా ఉంటుందో విశాఖవాళ్లకూ కాకినాడవాళ్లకూ వేరే చెప్పాలా? ఒంటికి అంటుకుపోయే ఉక్కపోత. ఎండ తగ్గిందనుకుంటే దోమల దండయాత్ర. బేస్‌బాల్ సీజనంతా వేసవిలోనే నడుస్తుంది.

ఈ చిక్కుకు జడ్జిగారు చెప్పిన విరుగుడు విని చాలామంది నవ్వి ఉంటారు. మైదానం మొత్తానికీ పైకప్పు వేసి, లోపల ఏసీ పెట్టేద్దామన్నాడు. రోమ్ వెళ్లినప్పుడు అక్కడి కొలోసియం ఆయన మనసులో నాటుకుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే ఎండవేళ జనం తలల మీదికి పెద్ద గుడ్డ చాందినీ లాగేవాళ్లట. రోమన్లు చేసిన పని మనం చేయలేమా అనుకున్నాడు. ఈ కల కన్నవాడు ఆయనొక్కడే కాదు. 1955లోనే బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ, గుమ్మటాల నిపుణుడు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ చేత అలాంటి క్రీడాస్థలికి నమూనా తయారు చేయించాడు. అది కాగితం దాటలేదు. డాడ్జర్స్ జట్టే బ్రూక్లిన్ విడిచి లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది.

1962 జనవరి 3న హ్యూస్టన్‌లో శంకుస్థాపన జరిగింది. గడ్డపారకు బదులు, జట్టు పేరుకు తగ్గట్టు రివాల్వర్లతో నేలలోకి కాల్చి పని మొదలుపెట్టారు. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 642 అడుగుల మేర పరుచుకున్న ఉక్కు గుమ్మటం లేచింది. నేల నుంచి కప్పు నడినెత్తికి 208 అడుగులు. పద్దెనిమిది అంతస్తుల మేడ అందులో పట్టేస్తుంది. బంతి కప్పుకు తగలకూడదని అంత ఎత్తు. ‘ప్రపంచపు ఎనిమిదో వింత’ అని జడ్జిగారు ముందుగానే పేరు పెట్టేసుకున్నాడు.

అసలు ముడి మాత్రం ఉక్కులో లేదు, గడ్డిలో ఉంది. బేస్‌బాల్ పచ్చిక మీద ఆడే ఆట. పచ్చికకు ఎండ కావాలి. మనుషులకేమో ఎండ వద్దు. ఒకే కప్పు కింద ఇద్దరినీ బతికించడం ఎలా? ఇంజనీర్లు కప్పులో నాలుగున్నర వేలకు పైగా పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు బిగించారు. ‘లూసైట్’ అనే ఆ పదార్థం గుండా వెలుగు దిగుతుంది, వాన దిగదు. కింద వేయడానికి వ్యవసాయ నిపుణులు ఒక గడ్డి రకాన్ని ఎంచి ఇచ్చారు. పేరు టిఫ్‌వే 419 బెర్ముడా. పేరు కొత్తగా ఉన్నా మనిషి మనకు తెలిసినవాడే. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికకు అది దగ్గరి చుట్టం. పశువులు మేసినా జనం తొక్కినా మళ్లీ చిగురించే గరిక, కాస్త నీడకు లొంగుతుందా అనుకున్నారు.

ఈలోగా జట్టు పేరు మారింది. కోల్ట్ తుపాకుల కంపెనీతో పేరు వాడకం మీద పేచీ వచ్చింది. అప్పటికే అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మానవసహిత యాత్రల కేంద్రం హ్యూస్టన్‌కు వచ్చి ఉంది. ఊరంతా వ్యోమగాముల ముచ్చట్లే. ఆస్ట్రోనాట్ల ఊరి జట్టుకు 1964 చివర్లో ‘ఆస్ట్రోస్’ అన్న పేరు ఖాయమైంది. వాళ్ల ఇల్లు ‘ఆస్ట్రోడోమ్’ అయింది.

1965 ఏప్రిల్ 9 రాత్రి తలుపులు తెరిచారు. టెక్సస్ బిడ్డ, దేశాధ్యక్షుడు లిండన్ జాన్సన్ వచ్చి కూర్చున్నాడు. న్యూయార్క్ యాంకీస్‌తో స్నేహపూర్వక పోటీ. కప్పు కింద మొట్టమొదటి హోమ్‌రన్, అంటే క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బ, కొట్టిన ఘనత యాంకీస్ వీరుడు మికీ మాంటిల్‌కు దక్కింది. అయినా 12 ఇన్నింగ్స్ దాకా సాగిన ఆటలో ఆస్ట్రోస్ 2–1తో గెలిచారు. బయట ఉక్క, లోపల చల్లటి గాలి, ఒక్క దోమ లేదు. జనం మురిసిపోయారు.

ఆ మురిపెం రాత్రి ఆటలకే. పగటి సాధనలో ఆటగాళ్లకు అప్పటికే గుండె జారింది. మధ్యాహ్నపు ఎండ పలకల గుండా దిగేసరికి కప్పంతా వెలిగిపోయేది. పలకలు తెల్లగా, వాటి నడుమ ఉక్కు దూలాలు నల్లగా, తల పైకెత్తితే మిరుమిట్లు గొలిపే పెద్ద చదరంగం బల్ల. ఆ గళ్లలోకి తెల్లని బంతి ఎగిరిందంటే ఇక మాయమే. క్రికెట్‌లో ఆకాశానికి లేచిన క్యాచ్ పట్టబోయి, ఎండ కళ్లలో పడి జారవిడిచిన ఫీల్డర్‌ను తలుచుకోండి. ఇక్కడ సూర్యుడు ఒక మూల లేడు, నెత్తిమీద కప్పు నిండా ఉన్నాడు. బంతి ఎక్కడ పడుతుందో తెలియక, చేతులు చాచి నిలబడడమే ఆటగాళ్ల పనైంది.

ఉపాయాలు మొదలయ్యాయి. నల్ల కళ్లద్దాలు పెట్టి చూశారు. వెలుగు తగ్గింది, దాంతోపాటు బంతీ తగ్గింది. బంతికే రంగులు వేసి పరీక్షించారు. ఏ రంగూ పనికిరాలేదు. చివరికి మిగిలింది ఒకే దారి, పలకలకే రంగు పూయడం. మనుషులు గుమ్మటం పైకెక్కి తెల్లటి రంగు పూశారు. మిరుమిట్లు పోయాయి. బంతి కనపడింది. క్యాచ్‌లు చేతిలో పడ్డాయి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వెలుగు చాలక కింద గడ్డి పాలిపోయింది, పసుపు రంగుకు తిరిగింది, చివరికి చచ్చిపోయింది. ఎండల్లో ఎండని గరిక నీడపట్టున ఎండిపోయింది. కోట్ల డాలర్ల ఎనిమిదో వింతలో ఆ ఏడాది మిగతా ఆటలన్నీ చచ్చిన గడ్డి మీద, మట్టి మీద ఆడారు. చూసేవాళ్లకు పచ్చగా కనిపించాలని ఆ నేలకు ఆకుపచ్చ రంగు కొట్టారు. ఒక్కసారి ఆ వరస చూడండి. మనుషుల కోసం కప్పు, గడ్డి కోసం పలకలు, పలకల వల్ల మిరుమిట్లు, మిరుమిట్లకు రంగు, రంగు వల్ల గడ్డి చావు. ఒక్కో ముడి విప్పుతుంటే దాని వెనక ఇంకో ముడి. పలకల రంగు గీకేస్తే బంతి కనపడదు, ఉంచితే గడ్డి బతకదు. ఇక మిగిలింది, వెలుగు అడగని గడ్డి.

అలాంటి గడ్డి అప్పటికే పుట్టి ఉంది. అయితే బేస్‌బాల్ కోసం కాదు, బస్తీ పిల్లల కోసం. పెద్ద నగరాల పిల్లలకు పరుగెత్తి ఆడుకునే పచ్చిక లేదని, అందుకే పల్లె పిల్లలంత దృఢంగా ఉండడం లేదని అమెరికాలో కొందరు విద్యావేత్తలు దిగులుపడ్డారు. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఒక సంస్థ, కాంక్రీటు మీద పరిచినా కాలికి మెత్తగా ఉండే నేల ఏదైనా చేయగలరా అని అడిగింది. మాన్‌సాంటో కంపెనీకి అనుబంధమైన కెమ్‌స్ట్రాండ్ ఆ పని అందుకుంది. నైలాన్ తివాచీల దారాలు చేయడం వాళ్ల వృత్తి. ఉత్తర కరోలినాలోని వాళ్ల ప్రయోగశాలలో జేమ్స్ ఫారియా, రాబర్ట్ రైట్ నైలాన్‌ను సన్నని గడ్డిపరకల్లా సాగదీసి నేశారు. కాలు జారుతుందా, పడితే దెబ్బ తగులుతుందా, నీరు ఇంకుతుందా, నిప్పంటుకుంటుందా అని ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి. 1964లో రోడ్ ఐలండ్‌లోని మోజెస్ బ్రౌన్ అనే బడిలో మొదటిసారి పెద్దగా పరిచారు. పేరు ‘కెమ్‌గ్రాస్’. బడిపిల్లలు దాని మీద ఆడుకుంటున్నారు. లోకానికి దాని సంగతి పెద్దగా తెలియదు.

ఎక్కడో ఒక బడిలో పరిచిన ఆ తివాచీ, గడ్డి చచ్చి కూర్చున్న జడ్జిగారి కంటపడడమే ఈ కథలో మలుపు. ఆయన కెమ్‌గ్రాస్ తెప్పించుకున్నాడు. అయితే 1966 సీజను మొదలయ్యే నాటికి మైదానం మొత్తానికి సరిపడా సరుకు తయారు కాలేదు. ఉన్నంత మేరకు ఇన్‌ఫీల్డులో, అంటే ఆట ఎక్కువగా సాగే లోపలి భాగంలో పరిచారు. బయటి భాగమంతా ఇంకా రంగు పూసిన నేలే. ఆ సగం పచ్చని మైదానం మీద ఏప్రిల్ 18న లీగులో మొదటి ఆట జరిగింది. ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? ఒకప్పుడు గుమ్మటం కలగని, కట్టలేకపోయిన డాడ్జర్స్! జులై 19 నాటికి మిగతా భాగం కూడా పూర్తయింది. ఆ రోజు ఎదురు నిలిచింది ఫిలడెల్ఫియా ఫిలీస్.

జడ్జిగారు ఏదీ సాదాసీదాగా చేసే మనిషి కాదు. ఆట మధ్యలో వ్యోమగాముల దుస్తులు తొడిగిన పనివాళ్లు వచ్చి ఆ గడ్డిని వాక్యూమ్ క్లీనర్లతో ఊడ్చేవాళ్లు. గడ్డి ఊడ్వడం చూడ్డానికే జనం చప్పట్లు కొట్టారు. ఆస్ట్రోస్ ఇంట్లో పేరు తెచ్చుకున్న గడ్డి కనుక కెమ్‌గ్రాస్ పేరు పోయి ఆస్ట్రోటర్ఫ్ స్థిరపడింది.

అందరికీ నచ్చిందా? లేదు. కాళ్లకు గట్టిగా తగిలేది, బంతి వేగంగా దూసుకుపోయేది, పడితే చర్మం దోక్కుపోయేది. గుర్రాలంటే ప్రాణమిచ్చే ఫిలీస్ ఆటగాడు డిక్ అలెన్, గుర్రం మేయని గడ్డి మీద తనకు ఆడాలని లేదని చమత్కరించాడట. ఈ కప్పు కింద లీగు పోటీల్లో మొదటి హోమ్‌రన్ కొట్టింది అతనే మరి. కప్పు కూడా అప్పుడప్పుడూ తన ఉనికి చాటేది. 1974లో మైక్ ష్మిట్ అనే ఆటగాడు కొట్టిన బంతి, ఎవరూ ఊహించని విధంగా, పైన వేలాడే లౌడ్‌స్పీకర్‌కు తగిలి కిందపడింది. హోమ్‌రన్ కావలసిన దెబ్బకు ఒక్క బేసుతో సరిపెట్టుకున్నాడు. ఇన్ని విసుర్లున్నా ఆ గడ్డి అమెరికా అంతటా పాకింది.

1976లో నెల తేడాతో రెండు సంగతులు జరిగాయి. జూన్ 15న హ్యూస్టన్‌ను కుండపోత వాన ముంచెత్తింది. డోమ్ లోపల ఒక్క చుక్క పడలేదు, ఆస్ట్రోస్, పిట్స్‌బర్గ్ పైరెట్స్ జట్లు రెండూ వచ్చేశాయి. కానీ రోడ్లు మునిగి అంపైర్లు రాలేకపోయారు, జనం రాలేకపోయారు. వానకు భయపడని మైదానంలో వాన వల్లే ఆట రద్దయింది. ఆటగాళ్లు అదే ప్లాస్టిక్ గడ్డి మీద బల్లలు వేసుకుని భోంచేశారు.

మరుసటి నెల కెనడాలోని మాంట్రియల్‌లో ఒలింపిక్స్. ఒలింపిక్ హాకీని తొలిసారిగా కృత్రిమ గడ్డి మీద ఆడించారు. 1928 నుంచి ఏ ఒలింపిక్స్‌లోనూ హాకీ పతకం లేకుండా తిరిగిరాని భారత జట్టు, అంతకు ముందు ఏడాదే కౌలాలంపూర్‌లో మామూలు పచ్చిక మీద ప్రపంచకప్పు గెలిచిన జట్టు, ఏడో స్థానంలో ఆగిపోయింది. ఓటమికి నేల ఒక్కటే కారణమని అనలేం. కానీ బంతిని కర్రకు అంటించుకుని వంకర్లు తిప్పే మన ఆటను దాటి, వేగానికీ ఒంటి బలానికీ పెద్దపీట వేసే కొత్త హాకీ ఆ నేల మీదే పుట్టింది. అలా ఒక బేస్‌బాల్ జట్టు పేరు మన నోళ్లలో నానడం మొదలైంది.

ఆస్ట్రోస్ 1999 దాకా డోమ్‌లో ఆడారు. 2000లో కొత్త ఇంటికి మారారు. దాని కప్పు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఎండను గడ్డికి వదిలిపెట్టి, మనుషులు వచ్చేసరికి కప్పు మూసేస్తారు. 1965లో ఆస్ట్రోడోమ్‌కు దక్కని విరుగుడు అది. కింద పరిచింది నిజమైన పచ్చిక. జట్టు ప్లాస్టిక్ గడ్డిని వదిలేసింది గానీ, ప్లాస్టిక్ గడ్డి జట్టు పేరును వదల్లేదు.