పెట్రోలు ధర: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో దాని పెరుగుదల, తగ్గుదల, వాహనదారులు

నంద్యాల జిల్లా బంకుల్లో అమ్మే పెట్రోలు ధరను నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి. గల్ఫ్, సింగపూర్ మార్కెట్లలో చమురు ధర ఒకటి, డాలరుతో రూపాయి మారకం రెండోది, కేంద్రం వేసే ఎక్సైజు సుంకం మూడోది, రాష్ట్రం వేసే వ్యాట్ నాలుగోది. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం కాబట్టి మొదటి రెండూ మన చేతిలో లేవు. మిగతా రెండూ పూర్తిగా ప్రభుత్వాల చేతిలోనే ఉన్నాయి. 2014 తర్వాతి చరిత్రలో కొట్టొచ్చినట్లు కనిపించే విషయం ఒకటుంది. ముడిచమురు పెరిగితే ఆ భారం ఎక్కువగా బంకు దాకా వచ్చింది. తగ్గితే ఆ లాభం చాలావరకు దారిలోనే పన్నులకింద పోయింది.

ఈ ప్రాంతంలో ఆ తేడా మరింత గట్టిగా తగులుతుంది. నంద్యాలకు రైలు ఉంది, ఆళ్లగడ్డకు లేదు. రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. ఆసుపత్రికో, కాలేజీకో, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక కలెక్టరాఫీసుకో వెళ్లాలంటే రోడ్డే దారి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద ఒకసారి వెళ్లి రావడానికి లీటరున్నర పైనే ఖర్చవుతుంది. లీటరు ధర పది రూపాయలు పెరిగితే ఆ ఒక్క ప్రయాణానికే ₹16 అదనం. కూలి డబ్బులతో బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

నిర్ణీత ధరల కాలం

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో దేశంలో చమురు వ్యాపారం బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్ వంటి విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. విశాఖపట్నంలో 1957లో రిఫైనరీ పెట్టింది కాల్టెక్సే. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఈలోగా, 1973 అక్టోబరులో, అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు పెట్టాయి. బ్యారెల్ మూడు డాలర్ల దగ్గరున్న ముడిచమురు కొద్ది నెలల్లోనే పదకొండు డాలర్లు దాటింది. మన దేశంలో పెట్రోలు ధర పెంచినందుకు నిరసనగా ఆ నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ఎద్దుల బండిలో పార్లమెంటుకు వెళ్లారు. అప్పట్లో నంద్యాల కూడా కలిసి ఉన్న కర్నూలు జిల్లా పల్లెల్లో ఎద్దుల బండి నిరసన గుర్తు కాదు, రోజూ వాడే బండి. పెట్రోలు ధర ఇక్కడి సామాన్యుడి ఇంటి లెక్కల్లోకి ఇంకా రాలేదు.

ఆ తర్వాత దాదాపు పాతికేళ్లు ధరను ప్రభుత్వమే నిర్ణయించింది. చమురు చవగ్గా ఉన్నప్పుడు మిగిలిన డబ్బును పూల్ ఖాతాలో వేసి, ప్రియమైనప్పుడు ఆ ఖాతాలోంచి సర్దుబాటు చేయాలన్నది ఏర్పాటు. కువైట్‌పై ఇరాక్ దాడితో 1990లో అది కుదేలైంది. ఆ అక్టోబరులో పెట్రోలియం సరుకులపై 25 శాతం ‘గల్ఫ్ సర్‌చార్జి’ పడింది. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించారు, అదే నెల బడ్జెట్లో పెట్రోలు ధరను 20 శాతం పెంచారు. ఆ నిర్ణయాలు తీసుకున్న ప్రధాని పి.వి. నరసింహారావు ఆ నవంబరులో నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న సంతోషం ముందు ధరల పెంపు ఓటరుకు పెద్దగా అడ్డురాలేదు.

నిర్ణీత ధరల విధానం 2002 ఏప్రిల్ 1న కాగితం మీద ముగిసింది. అయినా ధర ఎప్పుడు పెంచాలన్నది ఢిల్లీయే చూసుకుంది. 2008 జూలైలో బ్యారెల్ 147 డాలర్లకు చేరినప్పుడు కంపెనీల నష్టాన్ని చమురు బాండ్లతో పూడ్చింది. ఆ కాలంలో ధర ఎప్పుడో ఒకసారి, పెద్దమొత్తంలో, అర్ధరాత్రి నుంచి పెరిగేది. సాయంత్రం టీవీలో వార్త రాగానే బంకుల దగ్గర వరసలు కట్టేవి. కొన్నిచోట్ల ‘స్టాకు లేదు’ అని బోర్డు పెట్టేవాళ్లు. పెట్రోలు ధర 2010 జూన్‌లో, డీజిలు ధర 2014 అక్టోబరులో ప్రభుత్వ నియంత్రణ నుంచి బయటపడ్డాయి.

రోజూ మారే ధర, రోజూ ఉండే పన్ను

2014 జూన్‌లో 110 డాలర్ల పైనున్న బ్యారెల్ 2016 జనవరి నాటికి 30 డాలర్ల కిందికి పడింది. నియంత్రణ పోయింది కాబట్టి ధర కూడా అంతే పడాలి. కానీ ఆ నడుమ కేంద్రం ఎక్సైజును తొమ్మిదిసార్లు పెంచింది. పెట్రోలుపై ₹9.48 ఉన్నది ₹21.48 అయింది, డీజిలుపై ₹3.56 ఉన్నది ₹17.33 అయింది. రాష్ట్ర విభజన తర్వాత లోటుతో మొదలైన ఆంధ్రప్రదేశ్ 2015 ఫిబ్రవరిలో లీటరుకు మరో ₹4 అదనపు వ్యాట్ వేసింది. 2018 సెప్టెంబరులో అందులో ₹2 తగ్గించారు. 2020లో ఆ ₹4 మళ్లీ వచ్చింది, దానిపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి చేరింది.

2017 మే 1న ఐదు నగరాల్లో ప్రయోగంగా రోజువారీ ధరలు మొదలుపెట్టారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతటా ఉదయం ఆరింటికి కొత్త ధర వచ్చింది. పైసల్లో మారేసరికి అర్ధరాత్రి వరసలు పోయాయి. పెరుగుదల కంటికి కనబడకుండా సాగడం కూడా అప్పుడే మొదలైంది. పేరుకు రోజువారీ అయినా ఎన్నికల ముందు ధర కదలని సందర్భాలున్నాయి. 2018లో కర్ణాటక పోలింగుకు ముందు 19 రోజులు అలాగే నిలిచిపోయింది. 2017 జూలైలో వచ్చిన జీఎస్టీ నుంచి పెట్రోలు, డీజిలును బయటే ఉంచారు.

వ్యాట్ పనిచేసే తీరు తెలిస్తేనే ఇక్కడి ధర అర్థమవుతుంది. కంపెనీ ధర, ఎక్సైజు, డీలరు కమిషను కలిపి ఒక లీటరు ₹79 అయిందనుకుందాం. దాని మీద 31 శాతం వ్యాట్ అంటే సుమారు ₹24.50. ఆపైన ₹4 అదనపు వ్యాట్, ₹1 సెస్సు. మొత్తం ₹108.50. అంటే ఢిల్లీ ఎక్సైజు మీద కూడా రాష్ట్రం పన్ను వేస్తుంది. కింది ధర రూపాయి పెరిగితే బంకు దగ్గర ₹1.31 పెరుగుతుంది. తగ్గినప్పుడూ అంతే తగ్గాలి. 2022 మేలో కేంద్రం ఎక్సైజును ₹8 తగ్గించినప్పుడు మన రాష్ట్రంలో పది రూపాయలకు పైగా తగ్గడానికి కారణం అదే. అదనపు వ్యాట్, సెస్సు కలిపిన ఐదు రూపాయలు మాత్రం ముడిచమురు ఎటు పోయినా కదలవు.

2020 దీనికి గట్టి ఉదాహరణ. కరోనా లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా బండ్లు ఆగిపోయి, ఏప్రిల్‌లో అమెరికా ముడిచమురు ధర ఒకరోజు సున్నా కిందికి వెళ్లింది. ఇక్కడ ఆ లాభం బంకు దాకా రాలేదు. మార్చిలో ₹3, మేలో పెట్రోలుపై మరో ₹10, డీజిలుపై ₹13 ఎక్సైజు పెంచారు. కంపెనీలు 82 రోజులు ధర మార్చలేదు. తర్వాత ముడిచమురు కోలుకున్న కొద్దీ పెంచుకుంటూ పోయాయి. 2021 వేసవిలో రాష్ట్రంలో పెట్రోలు వంద దాటింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 దాకా పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు పెంచారు. పలుచోట్ల ₹120 దాటింది. ఆ తర్వాత కంపెనీలు దాదాపు రెండేళ్లు ధరను కదపలేదు. ముడిచమురు చవకైనా తగ్గించలేదు. 2023–24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీల లాభం కలిపి దాదాపు ₹81,000 కోట్లు. ఎన్నికలకు ముందు, 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు పడితే కేంద్రం ఎక్సైజును రెండు రూపాయలు పెంచింది, బంకు ధర మారలేదు.

ధరలు వేగంగా పెరిగి మెల్లగా తగ్గుతాయని బ్రిటన్ బంకుల లెక్కలతో ఆర్థికవేత్త రాబర్ట్ బేకన్ 1991లో చూపారు. అక్కడ చూడాల్సింది అమ్మకందారులను. ఇక్కడ ముందుగా చూడాల్సింది పన్నును.

సరిహద్దు దాటాక

కర్ణాటక 2021 నవంబరులో తన పన్ను ₹7 తగ్గించింది. దాంతో డీజిలుకు రెండు రాష్ట్రాల మధ్య లీటరుకు ₹10కి పైగా తేడా వచ్చింది. సిమెంటు, బియ్యం ఎత్తుకుని బెంగళూరు వైపు వెళ్లే లారీలు సరిహద్దు దాకా సరిపడా పోయించుకుని, దాటాక ట్యాంకు నింపుకునేవి. 200 లీటర్లు పడితే రెండువేలు మిగిలినట్టే. ఈ వీలు దూరం వెళ్లే లారీకి ఉంది. ఆళ్లగడ్డ ఆటోకు, కోయిలకుంట్ల ట్రాక్టరుకు లేదు. పన్ను ఎక్కువైతే దాని నుంచి తప్పించుకోగలిగింది పెద్ద బండి మాత్రమే. 2024, 2025ల్లో కర్ణాటక కూడా పన్ను పెంచడంతో ఆ తేడా కొంత తగ్గింది.

వాహనదారులు చేసిందేమిటి

ధర పెరిగిన వెంటనే వాడకం పెద్దగా తగ్గదని ప్రపంచమంతటా తేలింది. వెళ్లాల్సిన చోటు మారదు, దూరం తగ్గదు. ఏళ్లు గడిచేకొద్దీ మారేది బండి. బరువైన బుల్లెట్, రాజ్‌దూత్‌ల తర్వాత టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. బండి కొనేవాడి మొదటి ప్రశ్న ‘మైలేజీ ఎంత?’ అయింది. పశుగ్రాసం మోపులూ పాలక్యాన్లూ మోసే టీవీఎస్ ఎక్సెల్ ఇప్పటికీ పల్లె రైతు బండి. డీజిలు చవగ్గా ఉన్న 2012–13లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలువే. రెండు ధరలూ దగ్గరపడ్డాక ఆ మోజు పోయింది. కిరోసిన్ చౌకగా దొరికినన్నాళ్లు దాన్ని ఇంధనంలో కలపడం సాగింది. రేషన్ కిరోసిన్‌కు నీలిరంగు కలిపినా అది ఆగలేదు. ఇంజన్లు పాడయ్యాయి, పేదవాడి దీపం చమురు పక్కదారి పట్టింది.

చిన్న వాహనదారుడు లీటర్లలో కాక రూపాయల్లో కొంటాడు. ‘వందకు కొట్టు’ అంటాడు. ధర 75 ఉన్నప్పుడు వందకు లీటరూ పావు పైన వచ్చేది, 109 అయ్యాక లీటరు కూడా రాదు. జేబులోంచి పోయేది అంతే, తిరిగే దూరం తగ్గుతుంది. షేరు ఆటో ఇంకో మనిషి ఎక్కేదాకా కదలదు. దుక్కి దున్నే ట్రాక్టరు, వరికోత మిషను గంటకింత అని బాడుగ పెంచుతాయి. డీజిలు తగ్గినా ఆ బాడుగ తగ్గడం అరుదు. విడిభాగాలు, డ్రైవరు కూలి అప్పటికే పెరిగి ఉంటాయి. ఆ భారం చివరికి కె.సి. కాలువ కింద వరి వేసిన కౌలు రైతు మీద పడుతుంది.

బస్సు ఎక్కేవాళ్లకూ తప్పలేదు. 2022 మార్చిలో ఆర్టీసీ వంటి టోకు కొనుగోలుదారులకు డీజిలు లీటరుకు ₹25 పెరిగింది. ఏప్రిల్ 14 నుంచి ఏపీఎస్ఆర్టీసీ పల్లెవెలుగు టిక్కెట్టుపై ₹2, ఎక్స్‌ప్రెస్‌పై ₹5 డీజిలు సెస్సు వేసింది. మేలో కేంద్రం డీజిలు ఎక్సైజును ₹6 తగ్గించింది. జూలై 1న ఆర్టీసీ అదే సెస్సును దూరాన్ని బట్టి ఇంకా పెంచింది.