అయిదో పిల్ల

జోస్యం చెప్పడం మా ఇంటా వంటా లేదు. మా నాన్నగారు పంచాంగం తీసినా వర్జ్యం చూసుకోడానికే గానీ, రేపేం జరుగుతుందో చెప్పడానికి కాదు. అలాంటి నేను 2023 నవంబరులో, అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే రాలీ ఊళ్ళో కూచుని, కాలేజీ ఆడపిల్లల పరుగుపందెంలో ఏ జట్టు గెలుస్తుందో చీటీ మీద రాసి పప్పుడబ్బాలో వెయ్యాల్సి వచ్చింది. జోస్యం తప్పినవాళ్ళు వారం రోజులు అంట్లు తోమాలి. మిషను ముట్టుకోకూడదట!

ఈ ఏర్పాటంతా మా అల్లుడిది. దానికో కారణం ఉంది. మా మనవరాలు వాళ్ళ స్కూలు జట్టులో పరుగెడుతుంది. వచ్చే ఏడు మానేస్తానని పేచీ పెట్టుక్కూచుంది. “నేను జట్టులో అయిదోదాన్ని అమ్మమ్మా. ఎప్పుడూ ముందు రాను. నేనుంటే ఎంత, లేకపోతే ఎంత?” అంది. వాళ్ళమ్మ కసిరింది, నాన్న బతిమాలాడు. నేను మాత్రం ముందసలు ఆ ఆటేమిటో తెలుసుకుందామని కూచున్నాను.

క్రాస్ కంట్రీ అంటే మైదానంలో గీతల మధ్య పరుగెత్తడం కాదు. గడ్డిలో, గుట్టల మీద, బురదుంటే బురదలోనే. దీని పుట్టిల్లు ఇంగ్లండు. 19వ శతాబ్దంలో అక్కడి స్కూలు పిల్లలు ‘కుందేళ్ళూ వేటకుక్కలూ’ అని ఒక ఆట ఆడేవారు. కుందేళ్ళైన పిల్లలు కాగితం ముక్కలు చల్లుకుంటూ పారిపోతే, మిగతావాళ్ళు ఆ జాడ పట్టుకుని తరిమేవాళ్ళు. ఆ ఆటే ముదిరి, 1880 నాటికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల మధ్య పోటీ అయింది. అమెరికాలో కాలేజీల క్రీడలు చూసే ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ 1938లో, మిషిగన్ రాష్ట్రం ఈస్ట్ లాన్సింగ్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలెట్టింది. ఇదంతా మగపిల్లల సంగతి సుమండీ. ఆడపిల్లలకి ఆ సంస్థ పోటీ పెట్టింది 1981లో. అంటే నలభైమూడేళ్ళ తర్వాత!

ఎందుకింత ఆలస్యం అంటారా? అదీ ఒక జోస్యం మహిమే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీ ఆవిడ లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. కానీ పేపర్లు రాసిందేమిటంటే, ఆడవాళ్ళు పరుగెత్తలేక కుప్పకూలిపోయారని! గోరంతని కొండంత చేశారు. దాన్ని పట్టుకుని పెద్దలు ఆ పందెమే ఎత్తేశారు. మళ్ళీ అది ఒలింపిక్స్‌లోకి వచ్చేసరికి 1960 అయింది. పరుగెత్తి ఆయాసపడితే మగవాడు వీరుడూ, ఆడది అబలానూ! నూతి దగ్గర్నించి బిందెలు మోసినవాళ్ళనీ, ఒంటిచేత్తో పెళ్ళివంట దించినవాళ్ళనీ ఆ పెద్దమనుషులు ఎన్నడూ చూళ్ళేదు కాబోలు.

1972లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. సర్కారు డబ్బు తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపించకూడదని. 1975లో, ఆడపిల్లల కాలేజీ క్రీడల కోసం విడిగా ఏర్పడిన సంఘం అయోవాలో మొదటి జాతీయ క్రాస్ కంట్రీ పోటీ జరిపింది. ఆ తర్వాతే పెద్ద సంస్థ కళ్ళు తెరిచింది. అయినా లెక్కలో తేడా పోలేదు. మగపిల్లలకి 10 కిలోమీటర్లయితే, ఆడపిల్లలకి 1999 దాకా 5, 2000 నించి 6. “ఆ నాలుగు కిలోమీటర్లూ ఏమయ్యాయి?” అని మనవరాలు అడిగితే, “దారిలో ఉన్నాయమ్మా, వస్తాయి” అన్నాను.

ఇక మార్కుల సంగతి. జట్టుకి ఏడుగురు. వాళ్ళలో ముందొచ్చిన అయిదుగురి స్థానాలూ కూడతారు. మూడోది వస్తే 3, నలభయ్యోది వస్తే 40. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళదే కప్పు. జట్టు లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్ళని ఈ లెక్కలోంచి తీసేస్తారు. మొదటి అయిదు స్థానాలూ ఒకే జట్టుకొస్తే 15. అంతకంటే తక్కువ ఎవరికీ రాదు.

జోస్యాలు బోల్తాపడేది ఇక్కడే. అందరూ ముందొచ్చే పిల్లనే చూస్తారు. ఆ పిల్ల గెలిచినా మొత్తంలోకి వచ్చేది ఒకటే. అయిదో పిల్ల అరవయ్యో స్థానంలో వస్తుందా, తొంభయ్యో స్థానంలోనా అన్నదే అసలు సంగతి. గుంపు మధ్యలో కాసేపు కాలు తడబడితే చాలు, పదిమంది దాటిపోతారు. పెళ్ళిభోజనంలో బొబ్బట్లెంత బాగా కుదిరినా, చారులో ఉప్పెక్కువైతే ఊరంతా చెప్పుకునేది చారు గురించే కదూ?

1981 పోటీనే చూడండి. ఆడపిల్లల్లో మొట్టమొదట వచ్చింది బెటీ స్ప్రింగ్స్. ఈ రాలీ ఊళ్ళోని నార్త్ కెరొలైనా స్టేట్ కాలేజీ పిల్ల. జట్టు కప్పు మాత్రం వర్జీనియాకి పోయింది. రాలీ కాలేజీకి ఆ కప్పు మొదటిసారి దక్కింది 2021లో. ఒక్క పిల్ల ముందు రావడానికీ, అయిదుగురూ కలిసి గెలవడానికీ మధ్య నలభై ఏళ్ళు!

సరే, నవంబరు 18, శనివారం. పోటీ వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో. మా అల్లుడు అంతకుముందు పందేల టైములన్నీ కాగితం మీద పరిచి, కూడికలు కూడి, నార్దర్న్ ఆరిజోనా అని రాశాడు. ఒక చోట గుట్టలు, ఒక చోట చదును అయినప్పుడు గడియారం లెక్కలు కలుస్తాయా? నేనైతే 2022లో అందరికంటే ముందొచ్చిన కేట్లిన్ టూహీ ఈ ఊరి కాలేజీ పిల్లే గనక, మళ్ళీ ఆ అమ్మాయే వస్తుంది, జట్టూ గెలుస్తుందని నార్త్ కెరొలైనా స్టేట్ రాశాను. మనవరాలు ఖాళీ చీటీ వేసింది.

టీవీలో చూస్తుండగానే ఫ్లారిడా పిల్ల పార్కర్ వాల్బీ 19 నిమిషాల లోపే ఒంటరిగా దూసుకొచ్చేసింది. టూహీ అయిదోది వచ్చింది. “అయిపోయింది, అంట్లు నావే” అనుకున్నాను. ఫ్లారిడాకి కప్పు రాలేదు. కూడికలయ్యాక తేలిందేమిటంటే, నార్త్ కెరొలైనా స్టేట్ 123, నార్దర్న్ ఆరిజోనా 124. ఒక్క పాయింటు!

నా జోస్యం ఫలించింది గానీ, నేననుకున్న కారణం మాత్రం కాదు. చీటీ వెనక లెక్క వేసి మనవరాలికి చూపించాను. “ఈ అయిదుగుర్లో ఏ ఒక్క పిల్లని ఇంకో జట్ల పిల్లలు ఇద్దరు దాటినా 125 అయ్యేది. కప్పు పోయేది. ఆ అయిదోది ‘నేనుంటే ఎంత’ అని ఇంట్లో కూచునుంటేనో?”

అది ఏమీ అనలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. మర్నాటి నించి వాళ్ళ నాన్న అంట్లు తోముతుంటే, పక్కన నించుని తుడిచింది.

నేను ఇంటికొచ్చేశాను. 2024 ఆగస్టులో మా అమ్మాయి ఫోను చేసి, పిల్ల మళ్ళీ జట్టులో పేరిచ్చిందని చెప్పింది. ఇంకా అయిదోదేనట.

ఆ నవంబరు పోటీకి నేను ధైర్యంగా ఫోన్లోనే జోస్యం చెప్పాను, మళ్ళీ నార్త్ కెరొలైనా స్టేటే అని. తీరా గెలిచింది బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం. ఆ పిల్లలకి నేర్పించినావిడ దిల్‌జీత్ టేలర్, పంజాబు నించి వలసవెళ్ళినవాళ్ళ ఆడపడుచు! జోస్యం పోతే పోయింది, ఆ సంగతి విన్నాక నాకు ఓడిపోయినట్టే అనిపించలేదు. ఇక అంట్లంటారా, ఇక్కడ మా ఇంట్లో ఏ పందెమూ లేకపోయినా రోజూ తోమేది నేనేగా!