కేసారం దారి

మా సూర్యాపేటలో పెద్దవాళ్లు ఇప్పటికీ కోర్టు చౌరస్తా అనే అంటారు. బడిపిల్లలకు మాత్రం అది సంతోష్‌బాబు విగ్రహం ఉన్న చోటు. 2021 జూన్ 15న, ఆయన అమరుడై సరిగ్గా ఏడాది నిండిన రోజున ఆ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన ఎట్లా చనిపోయాడని అడిగితే ఆ పిల్లలు టక్కున చెబుతారు. ఎట్లా పెరిగాడో, ఆ ఇల్లు ఆయన్ని ఎట్లా పెంచిందో కూడా వాళ్లకు తెలియాలని నా తపన.

కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 1983 ఫిబ్రవరి 13న పుట్టారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో చేరాలని ఆయనకు ఎంతో కోరిక, కానీ కుదరలేదు. తనకు తీరని ఆ కోరికను కొడుకులో చూసుకున్నారు. ఇక్కడి శిశుమందిర్‌లో అయిదో తరగతి దాకా చదివించి, ఆరో తరగతికి కోరుకొండ సైనిక్ స్కూల్‌కు పంపారు. విజయనగరం దగ్గర 1962లో పెట్టిన ఆ బడి ఒక్కటే అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి సైనిక్ స్కూల్. ఒక్కగానొక్క కొడుకును ఆ చిన్న వయసులో అంత దూరం సాగనంపడం ఎంత కష్టమో, పిల్లల్ని హాస్టల్లో దింపి ఖాళీ చేతులతో బస్సెక్కిన మా పేట తల్లులందరికీ తెలుసు. ఆ ఇల్లు దేశానికి ఇవ్వడం ఆ రోజే మొదలుపెట్టింది.

కోరుకొండ తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఆ పైన డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ. 2004 డిసెంబర్‌లో బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌లో అధికారిగా చేరారు. పదిహేనేళ్లు తిరిగేసరికి, 2019 డిసెంబర్‌లో, ఆ బెటాలియన్‌కే కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. మన తెలుగు పిల్లవాడి మాట మీద బిహార్, జార్ఖండ్, ఒడిశా జవాన్లు కదిలేవారు. భార్య, కూతురు, కొడుకు ఢిల్లీలో ఉండేవారు. ఇక హైదరాబాద్‌కు బదిలీ మీద వస్తాడని, మనవడూ మనవరాలూ దగ్గరవుతారని ఇక్కడ అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు.

ఇంతలో లద్దాఖ్‌లో, చైనా సరిహద్దున గల్వాన్ లోయ. 2020 జూన్ 6న భారత్, చైనా సైనికాధికారులు కూర్చుని, ఎవరి బలగాలను వారు వెనక్కు తీసుకోవాలని అనుకున్నారు. ఆ మాట నిలబడలేదు. జూన్ 15 రాత్రి, పద్నాలుగో గస్తీ పాయింట్ దగ్గర ఘర్షణ మొదలైంది. సరిహద్దులో తుపాకీ పేల్చకూడదని పాత ఒప్పందాలు ఉండడంతో అది రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో జరిగిన పోరు. గాయపడినా కర్నల్ వెనుకకు రాలేదు, చివరి శ్వాస దాకా ముందుండి తన వాళ్లను నడిపించారు. ఆ రాత్రి మనవాళ్లు ఇరవై మంది ప్రాణాలిచ్చారు.

మర్నాడు ఆ కబురు ఢిల్లీలోని కోడలి నుంచి విద్యానగర్‌లోని ఇంటికి చేరింది. కొడుకు పోయినందుకు దుఃఖంగా ఉంది, దేశం కోసం పోయినందుకు గర్వంగా ఉంది అని ఆ తల్లి అన్నప్పుడు, ఆమె గర్వాన్ని అందరం తలా ఇంత పంచుకున్నాం. దుఃఖం మాత్రం ఆమెకే మిగిలింది.

జూన్ 18 పొద్దున అంతిమయాత్ర. కరోనా రోజులు. మూతికి గుడ్డలు కట్టుకుని ఊరు ఊరంతా దారి పొడవునా, డాబాల మీద నిలబడింది. నా పక్కన ఒక ముసలమ్మ కొంగులో పూలరేకులు మూటగట్టుకుని వచ్చింది. జెండా కప్పిన పేటిక కళ్లముందు నుంచి దాటిపోతుంటే చేతులు జోడించి అట్లాగే ఉండిపోయింది, కొంగు విప్పడం మరిచిపోయింది. బండి మలుపు తిరిగాక ఆ రేకులను ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోసింది.

ఊరికి దగ్గరలోని కేసారంలో, ఆ కుటుంబం సొంత భూమిలోనే చితి పేర్చారు. కొడుకు తలకొరివి పెట్టాల్సిన తండ్రి, కొడుకు చితికి నిప్పు పెట్టారు.

తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి అయిదు కోట్ల రూపాయలిచ్చింది. ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగమిచ్చింది. పిల్లల్ని సాకుతూనే ఆమె ఆ బాధ్యత తలకెత్తుకున్నారు. 2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా కర్నల్‌కు మహావీర్ చక్ర ప్రకటించారు. ఆ నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆ పతకాన్ని తల్లీ, భార్యా కలిసి అందుకున్నారు.

ఆయనతో పాటు నేలకొరిగిన హవల్దార్ పళని ఊరు తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో ఉంది. నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్ ఊరు ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో ఉంది. అక్కడా ఇట్లాంటి ఇళ్లే, ఇట్లాంటి తల్లులే. మా కథ చెప్పుకునేటప్పుడు వాళ్లనూ తలచుకోవాలి.

ఏటా జూన్ 15న చౌరస్తాలో విగ్రహానికి దండలు వేస్తాం. ఆ పూట పిల్లలకు నేను చెప్పేది గల్వాన్ గురించి కాదు. పెట్టె సర్దుకుని కోరుకొండకు బయలుదేరిన ఆరో తరగతి పిల్లవాడి గురించి, వాడిని సాగనంపి ఇంటికి తిరిగొచ్చిన ఇద్దరి గురించి చెబుతాను. తర్వాత కేసారం దారి చూపిస్తాను.